మద్యనిషేధం జమాఖర్చు చూడటం ఎలా?

మద్యనిషేధం మీద ఎక్కడ చర్చ జరిగినా రెండు ఉపన్యాసాలు తప్పవు. ఒకాయన లేచి ఖజానాకు ఇన్ని వేల కోట్లు గండి పడిందంటాడు. ఇంకొకాయన లేచి ఇన్ని లక్షల సంసారాలు నిలబడ్డాయంటాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కాని మొదటాయన చేతిలో కాగితం ఉంటుంది, రెండో ఆయన చేతిలో ఉండదు. ఖజానాలో పడ్డ నష్టాన్ని రాయడానికి జీతం తీసుకునే గుమాస్తా ఉన్నాడు. ఇంట్లో మిగిలిన డబ్బును రాసేవారు ఎవరూ లేరు. దొంగసారా అమ్మేవాడు లెక్క రాసుకున్నా మనకు చూపించడు.

నా ఉద్యోగమంతా ప్రభుత్వ ఖాతాల తనిఖీలోనే గడిచింది. అబ్కారీ దస్త్రాలు కూడా అందులో ఒక భాగం. ఆ అలవాటు కొద్దీ, మద్యనిషేధం మేలు చేసిందని గాని, కీడు చేసిందని గాని ఎవరైనా ఒక అంకె నా ముందు పెడితే, ఆ అంకెను ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అని అడుగుతాను. పోటీ పరీక్షకు వ్యాసం రాసేవారికీ, పత్రికకు కథనం రాసేవారికీ, మద్యం వద్దని తీర్మానం చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికీ పనికొస్తుందని, నేను చూసే వరుసలోనే ఇక్కడ పెడుతున్నాను.

ముందు చట్టం చదవండి

నిషేధం అన్న పేరుతో జరిగినవన్నీ ఒకటి కావు. ఒక కాగితం మీద అయిదు మాటలు రాసుకోండి: తయారీ, రవాణా, అమ్మకం, దగ్గర ఉంచుకోవడం, తాగడం. చట్టం వీటిలో వేటిని నేరం చేసిందో గుర్తు పెట్టండి. సగం వాదనలు ఇక్కడే తేలిపోతాయి.

అమెరికాలో 1920 జనవరి 17న అమల్లోకి వచ్చిన పద్దెనిమిదో రాజ్యాంగ సవరణ తయారీని, అమ్మకాన్ని, రవాణాను ఆపింది. తాగడాన్ని నేరం చేయలేదు. ముందే కొని ఇంట్లో నిల్వ చేసుకున్న ధనికుడు చట్టబద్ధంగానే తాగాడు. డాక్టరు చీటీ రాస్తే మందుల దుకాణంలో విస్కీ ఇచ్చేవారు. చర్చి ఆరాధనలో వాడే ద్రాక్షసారాకు మినహాయింపు ఉండేది. బీహార్‌లో 2016 ఏప్రిల్‌లో మొదలైనది వేరే రకం. అక్కడ తాగడమే నేరం. ఈ ఒక్క తేడా వల్ల అమెరికా లెక్కలో కనిపించని ఒక పెద్ద పద్దు బీహార్ లెక్కలో కనిపిస్తుంది: తాగినందుకే జైలుకు వెళ్లిన మనుషులు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంగతి చూడండి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా ఆపినది సారాను మాత్రమే. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మిగతా మద్యాన్నీ ఆపింది. 1997లో సడలించినప్పుడు విస్కీ, బ్రాందీ వంటి 'విదేశీ మద్యం' తిరిగి వచ్చింది గాని సారా మీద నిషేధం అలాగే ఉంది. కాబట్టి 'ఆంధ్రలో నిషేధం రెండేళ్లకే విఫలమైంది' అనేవారిని ఏ నిషేధం సంగతి చెబుతున్నారో అడగాలి. నార్వే 1916 నుంచి 1927 వరకు ప్రధానంగా ఘాటైన మద్యాన్నే ఆపింది. ఐస్‌లాండ్ 1935లో ఘాటైన మద్యాన్ని అనుమతించి, బీరును మాత్రం 1989 మార్చి 1 దాకా నిషేధంలోనే ఉంచింది. చట్టాలు చదివేవాడికి ఇలాంటి వినోదం అప్పుడప్పుడు దక్కుతుంది.

మినహాయింపుల జాబితాను తప్పకుండా చదవండి. గుజరాత్ 1960లో రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచి నిషేధంలోనే ఉంది. కాని ఆరోగ్య కారణాలతోనూ, బయటి నుంచి వచ్చేవారికీ పర్మిట్లు ఇస్తుంది. 2023 డిసెంబరులో గాంధీనగర్ దగ్గరి ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీకి సడలింపు కూడా ఇచ్చింది. చట్టం ఎవరి కోసం పక్కదారి వదిలిందో చూస్తే, దాని భారం ఎవరి మీద పడబోతోందో అక్కడే తెలుస్తుంది.

ఏ ఏడాదిని ఏ ఏడాదితో పోలుస్తున్నారు?

నిషేధం అమ్మకాన్ని చీకట్లోకి నెడుతుంది. అందువల్ల ఎంత తాగుతున్నారన్న లెక్క సరిగ్గా మనకు కావలసినప్పుడే మాయమవుతుంది. అమెరికా విషయంలో ఆర్థికవేత్తలు జెఫ్రీ మైరన్, జెఫ్రీ జ్వీబెల్ 1991లో ఒక అంచనా వేశారు. అమ్మకాల లెక్క లేదు గనుక లివర్ సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడయ్యే జబ్బు) మరణాలు, అతిగా తాగి చనిపోయినవారి సంఖ్య, తాగిన మత్తులో అరెస్టయినవారి సంఖ్య వంటివి తీసుకుని, వాటి నుంచి వెనక్కి వెళ్లి వాడకాన్ని ఊహించారు. నిషేధం మొదలైన కొత్తలో వాడకం అంతకు ముందున్న దానిలో 30 శాతానికి పడిపోయిందనీ, తరువాతి సంవత్సరాల్లో 60 నుంచి 70 శాతానికి పెరిగిందనీ తేల్చారు. నిషేధాన్ని మెచ్చుకునేవారు మొదటి అంకెను పట్టుకుంటారు, తిట్టేవారు రెండోదాన్ని. రెండూ ఒకే గీత మీది చుక్కలు.

సిరోసిస్ మరణాలు తగ్గాయన్నది నిజం. కాని ఆ తగ్గుదల 1920కి ముందే మొదలైంది. అప్పటికే చాలా రాష్ట్రాలు సొంత నిషేధాలు పెట్టుకున్నాయి. యుద్ధకాలంలో ధాన్యాన్ని మద్యానికి వాడటం మీద ఆంక్షలు ఉన్నాయి. కాబట్టి 1910ని 1925తో పోల్చి, తేడా మొత్తం రాజ్యాంగ సవరణ ఖాతాలో జమ చేస్తే తనిఖీలో నిలవదు. నేనైతే నిషేధానికి ముందు కనీసం అయిదేళ్లు, తరువాత దొరికినన్ని ఏళ్లు వరుసగా రాసుకుంటాను. అంకె ఎప్పటి నుంచి దిగుతోందో చూస్తాను.

బీహార్ గురించి రెండు అంకెలు తరచు వినిపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో అక్కడ తాగే మగవారు సుమారు 29 శాతం. అయిదో విడతలో 15.5 శాతం. 'సగానికి సగం తగ్గింది' అని రాసేస్తారు. ఆ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి పైనున్న శీర్షిక చదవండి. మొదటి అంకె 15 నుంచి 49 ఏళ్ల మగవారిది. రెండోది 15 ఏళ్లు దాటిన మగవారందరిది. వయసుల పరిధి మారింది. అంతేకాదు, అవే పట్టికల్లో దేశం మొత్తం వరుస చూడండి. అక్కడా సుమారు 29 నుంచి 19కి దగ్గరగా తగ్గింది. దేశమంతటా నిషేధం లేదు కదా! బీహార్‌లో దాదాపు పదమూడు పాయింట్లు తగ్గితే, నిషేధం ఏమీ లేకుండానే దేశంలో పది పాయింట్లు తగ్గాయి. నిషేధానికి జమ కట్టదగినది ఆ తేడా చుట్టుపక్కలే. దాన్ని కూడా జాగ్రత్తగా కట్టాలి, ఎందుకంటే తాగడం నేరమైన చోట సర్వే చేసేవారు గుమ్మంలో నిలబడి అడిగితే ఎంతమంది ఔనంటారు?

నిషేధాన్ని వ్యతిరేకించేవారి తప్పు ఇంకోలా ఉంటుంది. నిషేధం ఉన్న బీహార్‌లో 15.5 శాతం, లేని మహారాష్ట్రలో 13.9 శాతం, కాబట్టి నిషేధం దండగ అంటారు. బీహార్‌ను బీహార్ గతంతో పోల్చాలి గాని మహారాష్ట్ర వర్తమానంతో కాదు.

ఖజానా పద్దు

ఇది నాకు బాగా తెలిసిన చోటు గనుక కాస్త ఎక్కువ సేపు కూర్చుంటాను.

మన రాష్ట్రాల ఖాతాల్లో ఎక్సైజ్ ఆదాయం 0039 అనే ప్రధాన పద్దులో ఉంటుంది. చాలామంది ఆ ఒక్క అంకె చూసి నష్టం ఇంత అని రాస్తారు. మద్యం మీద వసూలయ్యే అమ్మకం పన్ను, అంటే వ్యాట్, 0040లో ఉంటుంది. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాలేదు, అందుకే ఇప్పటికీ రాష్ట్రాల చేతిలో మిగిలిన కొద్దిపాటి సొంత పన్నుల్లో అదొకటి. రెండు పద్దులూ కలిపితేనే నష్టం మొత్తం తెలుస్తుంది. బడ్జెట్ పుస్తకంలో అంచనా, సవరించిన అంచనా, వాస్తవం అని మూడు వరుసలు ఉంటాయి. ఎప్పుడూ వాస్తవమే తీసుకోండి. నిషేధం విధించే ఏడాదిలో అంచనాలు ఎంతటి ఊహాగానమో చెప్పనక్కరలేదు.

తరువాత ఖర్చు వైపు తిప్పండి. ఎక్సైజ్ శాఖ ఖర్చు 2039లో, పోలీసులది 2055లో, జైళ్లది 2056లో, న్యాయ పరిపాలనది 2014లో ఉంటాయి. నిషేధం అమలు ఖర్చు ఈ నాలుగు చోట్లా చెదిరిపోతుంది. ఏ శాఖా 'ఇది నిషేధం వల్ల' అని విడిగా చూపించదు. ఠాణాలో ఉన్న కానిస్టేబుల్ దొంగతనం కేసు పక్కన పెట్టి సరిహద్దు చెక్‌పోస్టులో సీసాలు వెతుకుతుంటే, జీతం పద్దు ఏమీ మారదు. ఆ దొంగతనం కేసు మాత్రం ఆగిపోతుంది. ఇలాంటి ఖర్చు ఏ అంకెలోనూ దొరకదు, పెండింగు కేసుల సంఖ్యలో వెతకాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మద్యం మీద రాని పన్ను అంతా నష్టమేనా? లెక్క సులభం కావడానికి ఊహాజనిత అంకెలు తీసుకుందాం. ఒక మనిషి తాగుడు మీద పెట్టే వంద రూపాయల్లో అరవై పన్ను అనుకోండి. అతను మానేస్తే ఆ వంద బియ్యం మీదో, బట్ట మీదో, పిల్లల పుస్తకాల మీదో ఖర్చవుతుంది. వాటి మీద సగటున ఎనిమిది రూపాయల పన్ను వస్తుందనుకుందాం. ఖజానాకు నష్టం అరవై కాదు, యాభై రెండు. మరోవైపు, అంతకు ముందు మద్యం తయారీదారుకూ దుకాణదారుకూ నలభై వెళితే, ఇప్పుడు తొంభై రెండు రూపాయలు రైతుకూ, నేతగాడికీ, దర్జీకీ చేరుతున్నాయి. అదే మనిషి మానకుండా దొంగసరుకు కొంటే? ఖజానాకు సున్నా. ఆ వందా, ధర పెరిగితే నూట యాభయ్యీ, దొంగ రవాణా చేసేవాడికి. పదిమందిలో నలుగురు మానేసి ఆరుగురు దొంగసరుకు కొన్నారంటే ఆరు వందలు రావలసిన చోట ముప్పై రెండు రూపాయలు వస్తాయి. అందుకే ఆర్థిక ఫలితమంతా ఒక్క ప్రశ్న మీద వేలాడుతుంది: పదిమందిలో ఎంతమంది నిజంగా మానేశారు? మీ ముందు పెట్టిన నివేదికలో ఈ నిష్పత్తి మీద ఒక్క వాక్యమైనా లేకపోతే దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక గండి ఎలా పూడ్చారో చూడండి. ఇక్కడే రాజకీయం ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ 1937లో సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టి, పోయిన ఆదాయం కోసం 1939లో సాధారణ అమ్మకం పన్ను తెచ్చారు. నిషేధాలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. అమ్మకం పన్ను మాత్రం దేశమంతా పాకింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. ఖజానా ఇరుకులో పడిన కాలంలోనే ఆ పెంపు వచ్చింది. అమెరికాలో 1913లో ఆదాయపు పన్నుకు రాజ్యాంగ సవరణతో దారి ఏర్పడింది గనుకనే, అంతకు ముందు ఫెడరల్ ఆదాయంలో మూడో వంతు దాకా మోసిన మద్యం పన్నును వదులుకోవడం సాధ్యమైంది. 1929 తరువాత మాంద్యంలో ఆదాయపు పన్ను పడిపోగానే మద్యం పన్ను మళ్లీ గుర్తుకొచ్చింది. రష్యాలో జార్ 1914లో వోడ్కా ఆపినప్పుడు ప్రభుత్వ ఆదాయంలో సుమారు నాలుగో వంతు దాని నుంచే వచ్చేది. అదీ ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది!

మద్యం పన్ను కట్టేది తాగేవాడు. దాని స్థానంలో వచ్చే పన్నును అందరూ కడతారు, గుక్కెడు ముట్టని ఇల్లాలితో సహా. ఆ ఇల్లాలికి భర్త మానేయడం వల్ల మిగిలినది ఎక్కువా, బియ్యం ధర వల్ల పోయినది ఎక్కువా అన్నది ఇంటింటికీ మారుతుంది. భర్త తాగని ఇంటికి నిషేధం వల్ల వచ్చినదేమీ లేదు, పోయినదే ఉంది. ఇది ఉపన్యాసాల్లో వినిపించదు.

ఇంటి లెక్క ఎవరు రాశారు?

1991-92లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు జరిగాయి. పాఠాల్లో తాగుడు వల్ల చితికిన సంసారం కథ ఒకటి వచ్చింది. దూబగుంటలో మహిళలు ఆ పాఠాన్ని తమ ఇళ్లతో పోల్చుకుని సారా దుకాణం మూయించారు. సారా వేలంపాటలను అడ్డుకునేదాకా ఆ ఉద్యమం వెళ్లింది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఆర్థికశాస్త్రం చదువుకున్నవారు చెప్పని లెక్కను వాళ్లు చెప్పారు: కూలి డబ్బు ఇంటికి రాకముందే ఎక్కడికి వెళుతోంది? ఆ లెక్క రాసిన పుస్తకం ఏ కార్యాలయంలోనూ లేదు. ఖజానా నష్టం అచ్చయినంత తేలికగా ఇంటి లాభం అచ్చు కాకపోవడం వల్లే, నిషేధం గురించి మనం చదివే రాతల్లో చాలావరకు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి.

ఈ లెక్కను మీరే కట్టాలంటే 'మీ ఆయన తాగుతున్నాడా' అని అడగకండి. జవాబు ముందే తయారుగా ఉంటుంది. వస్తువుల గురించి అడగండి. తాకట్టులో ఏముంది, ఎప్పుడు పెట్టారు, విడిపించారా? కిరాణా కొట్లో అప్పు ఎంత? పిల్లల ఫీజు గడువులోగా కట్టారా? గత నెలలో పనికి వెళ్లని రోజులు ఎన్ని? ఇవే ప్రశ్నలు నిషేధానికి ముందు కూడా అడిగి ఉంటే బంగారం. లేకపోతే తాకట్టు చీటీల మీద తేదీలు ఉంటాయి, కొట్టు ఖాతా పుస్తకంలో తేదీలు ఉంటాయి. మనిషి జ్ఞాపకం కన్నా అవి నమ్మదగినవి.

భార్యల మీద హింస తగ్గిందా అన్నది చూడటానికి పోలీసు కేసుల అంకె పనికిరాదని నా అభిప్రాయం. తాగడమే నేరమైన చోట భర్త తాగి కొట్టాడని ఫిర్యాదు చేయడమంటే అతన్ని జైలుకు పంపడమే. ఇల్లు గడవదన్న భయంతో ఆమె నోరు మూసుకుంటే అంకె తగ్గుతుంది. అంతకు ముందు ఠాణా గడప తొక్కనివారు చట్టం తోడుందన్న ధైర్యంతో వస్తే అంకె పెరుగుతుంది. రెండింటికీ హింసతో సంబంధం లేదు. ఇంటికి వెళ్లి మహిళను ఒంటరిగా అడిగే ఆరోగ్య సర్వేలు దీనికి మేలు. అలాంటి సర్వే అంకెలతో, బీహార్‌ను నిషేధం లేని పొరుగు రాష్ట్రాలతో పోల్చి చేసిన ఒక అధ్యయనం 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వారి ఆగ్నేయాసియా ప్రాంతీయ పత్రికలో వచ్చింది. రోజూ గాని, వారం వారం గాని తాగేవారు 24 లక్షల మేర తగ్గారనీ, భర్తల చేతిలో హింసకు గురయ్యే సందర్భాలు 21 లక్షల మేర తగ్గాయనీ అంచనా వేసింది. బీహార్‌లో వచ్చిన మార్పును పొరుగు రాష్ట్రాల్లో వచ్చిన మార్పుతో పోల్చారు గనుక, అన్నిచోట్లా వచ్చిన తగ్గుదలను నిషేధం ఖాతాలో వేసే పొరపాటు ఇందులో లేదు. నిషేధం దండగ అనేవారు ఈ అధ్యయనానికి జవాబు చెప్పి తీరాలి.

అయితే ఇంటి లెక్కలో జమ ఒక్కటే ఉండదు. ఇంటి మగవాడిని పట్టుకుపోతే వకీలు ఫీజు, జామీను ఖర్చు, పోయిన కూలి రోజులు, జరిమానా, అన్నీ ఆ ఇంటి మీదే పడతాయి. తాగుడు ఖర్చు మిగిలిన చేత్తోనే ఆ డబ్బు బయటికి వెళుతుంది. దీన్ని అధ్యయనాలు తరచు వదిలేస్తాయి.

చీకటి సరుకును ఎలా పసిగట్టాలి?

ఎక్సైజ్ దాడుల రిజిస్టర్లు చదివితే ఒక వింత కనిపిస్తుంది. 'బెల్లం ఊట ధ్వంసం: 200 లీటర్లు', 'బెల్లం ఊట ధ్వంసం: 500 లీటర్లు', 'వెయ్యి లీటర్లు'. 437 లీటర్లు అన్న పద్దు నాకు ఎన్నడూ ఎదురుకాలేదు. ఊటను అక్కడికక్కడే పారబోసి పంచనామా రాస్తారు గనుక, తరువాత వెళ్లి కొలవడానికి తడి నేల తప్ప ఏమీ ఉండదు. అందుకే పట్టుకున్న సరుకు లెక్కను నేను సాక్ష్యంగా తీసుకోను. అది పెరిగిందంటే దొంగ రవాణా పెరిగి ఉండవచ్చు, దాడులు పెరిగి ఉండవచ్చు, పైఅధికారి నెలవారీ లక్ష్యం పెట్టి ఉండవచ్చు.

పక్క దారుల్లో వెతికితే మంచి ఆనవాళ్లు దొరుకుతాయి. సోవియట్ యూనియన్‌లో గోర్బచేవ్ 1985 మేలో మొదలుపెట్టినది పూర్తి నిషేధం కాదు, గట్టి కట్టడి. కొద్దికాలానికే దుకాణాల్లో చక్కెర మాయమైంది, ఇళ్లలో సారా కాయడానికి వెళ్లింది. అదే కాలంలో రష్యాలో మగవారి సగటు ఆయుష్షు సుమారు మూడేళ్లు పెరిగింది, కట్టడి సడలాక మళ్లీ పడింది. రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకొకటి రద్దు చేయదు. మీరు చూస్తున్న చోట చక్కెర, బెల్లం, ఈస్టు అమ్మకాలు చూడండి. సరిహద్దు దాటగానే ఉన్న పొరుగు జిల్లాల ఎక్సైజ్ ఆదాయం చూడండి. పారిశ్రామిక స్పిరిట్ కేటాయింపులు ఒక్కసారిగా పెరిగాయేమో చూడండి.

ఇంకో మార్పు సరుకు రకంలో వస్తుంది. దొంగతనంగా తరలించేవాడికి ప్రతి డబ్బాకూ ప్రమాదం ఒకటే. తక్కువ మత్తున్న బీరు మోసి ఆ ప్రమాదాన్ని ఎందుకు తెచ్చుకుంటాడు? అందుకే నిషేధ కాలపు అమెరికాలో బీరు వెనక్కి తగ్గి ఘాటైన మద్యం ముందుకొచ్చింది. ఎంతమంది తాగుతున్నారన్న అంకె తగ్గినా, తాగేవాడి ఒంట్లోకి ఏం వెళుతోందో వేరుగా చూడాలి.

కల్తీసారా చావులు వార్తల్లోకి వస్తాయి. వాటి వెనుక ఉండేది చాలాసార్లు మిథనాల్. రంగూ వాసనా మామూలు స్పిరిట్‌లాగే ఉంటాయి. లివర్ దాన్ని విడగొట్టేటప్పుడు ఫార్మిక్ ఆమ్లం తయారవుతుంది. అది కంటి నరాన్ని తినేస్తుంది. తాగిన వెంటనే మత్తు తప్ప ఏమీ తెలియదు, గంటలు గడిచాక చూపు మసకబారుతుంది, ఊపిరి ఎగబోస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళితే విరుగుడు ఉంది, డయాలసిస్ ఉంది. తాగడం నేరమైన చోట కేసు పెడతారన్న భయంతో ఇంట్లో దాచిపెడతారు. ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. అమెరికాలో పారిశ్రామిక ఆల్కహాల్‌ను తాగకుండా చేయడానికి ప్రభుత్వమే అందులో మిథనాల్ వంటివి కలిపించింది. దాన్ని దొంగిలించి శుద్ధి చేసి అమ్మిన సరుకు తాగి 1926 క్రిస్మస్ రోజుల్లో న్యూయార్క్‌లో చాలామంది చనిపోయారు. 2022 జులైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో 40 మందికి పైగా, అదే ఏడాది డిసెంబరులో బీహార్‌లోని సారణ్ జిల్లాలో 70 మందికి పైగా చనిపోయారు.

అయితే ఈ చావులన్నీ నిషేధం ఖాతాలో రాయకండి. 2019లో అస్సాంలోని గోలాఘాట్ పరిసరాల్లో 150 మందికి పైగా, 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు. ఆ రెండు చోట్లా మద్యం దుకాణాలు తెరిచే ఉన్నాయి. పన్ను పెంచి పెంచి చౌక మద్యం ధర కూలివాడి అందుబాటు దాటిస్తే, దుకాణం తెరిచి ఉన్నా అతనికి అది మూసినట్టే. కాబట్టి కల్తీసారా చావుల గురించి రాసేటప్పుడు అక్కడ దొరికే అతి చౌక లైసెన్సు మద్యం ధర, రోజు కూలిలో ఎన్నో వంతో చూడండి.

జైళ్లు, పోయిన పనులు, మొదటి వారం

బీహార్‌లో మద్యం కేసులతో కోర్టులు నిండిపోయాయి. చట్టం చేసేటప్పుడు ముందుచూపు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2021 డిసెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్వీ రమణ దాన్నే ఉదాహరణగా చూపించారు. 2022లో చట్టాన్ని సవరించి, మొదటిసారి తాగి పట్టుబడినవారు జరిమానా కట్టి బయటపడే వీలు కల్పించారు. ఇలాంటి సవరణ వచ్చిన తేదీని తప్పక గుర్తుంచుకోండి. దానికి ముందు అంకెలనూ తరువాత అంకెలనూ ఒకే వరుసలో కూడితే తప్పుడు జవాబు వస్తుంది. పోయిన పనుల విషయంలో డిస్టిలరీ యజమాని మాట పత్రికల్లో వస్తుంది. కల్లు గీసేవాడి మాట, సీసాలు ఏరేవాడి మాట, దుకాణం పక్కన పల్లీలు అమ్మే ఆమె మాట మీరే వెళ్లి వినాలి.

మొదటి వారాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడికి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డాక కేరళలో ఆత్మహత్యలు జరిగాయి. డాక్టరు చీటీ మీద మద్యం ఇస్తామని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, హైకోర్టు దాన్ని నిలిపివేసింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో అమ్మకం ఆపినప్పుడు ఆసుపత్రులకు వచ్చే గాయాల కేసులు బాగా తగ్గాయి. నిషేధం విధించబోయే చోట మీరు మొదట అడగవలసిన ప్రశ్న: వ్యసన చికిత్సకు పడకలు ఎన్ని, తేదీ ప్రకటించే ముందే తెరిచారా? నేను చూసినంతలో ఉత్తర్వులో తేదీ ఉంటుంది, పడకల ప్రస్తావన ఉండదు.

ఎత్తేసిన ఉత్తర్వు కూడా చదవండి

ఒక నిషేధం గురించి పూర్తిగా తెలియాలంటే దాన్ని ఎత్తేసినప్పుడు ఏ కారణం చెప్పారో చూడాలి. ఫిన్లాండ్‌లో 1931 డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 70 శాతం మంది నిషేధం వద్దన్నారు. 1932 ఏప్రిల్ 5 ఉదయం పది గంటలకు దుకాణాలు తెరుచుకున్నాయి. హర్యానాలో 1996 జులైలో వచ్చినది 1998 ఏప్రిల్‌లో పోయింది. అమెరికాలో 1933 డిసెంబరు 5తో ముగిసింది. కారణాల్లో ఖజానా, చట్టం అమలు కాకపోవడం, నేరాలు ఉంటాయి. వాటిలో నిజం లేకపోలేదు. మొదటి రెండు మూడేళ్లు ఇళ్లకు మేలు జరిగి, ఆ తరువాత దొంగ వ్యాపారం కుదురుకుని ఆ మేలును కొరుక్కుతినడం దాదాపు ప్రతి చోటా కనిపిస్తుంది. అందుకని నిషేధం కావాలనేవారిని నేను మూడో ఏడాదికి మీ ఏర్పాటేమిటని అడుగుతాను. వద్దనేవారిని, మొదటి రెండేళ్లలో ఇళ్లకు దక్కిన మేలును ఇంకే దారిలో ఇస్తారని అడుగుతాను.

ఎత్తేసిన తరువాత కనీసం రెండేళ్ల అంకెలు తీసుకోండి. తిరిగి తెరిచినప్పుడు ప్రభుత్వమే అమ్మకందారు అయిందా అన్నది అందులో ముఖ్యం. తమిళనాడులో 2003 నుంచి చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థదే. అలాంటి చోట తాగుడు తగ్గించే బాధ్యతా, అమ్మకం పెంచే లక్ష్యమూ ఒకే ప్రభుత్వం నెత్తిన ఉంటాయి. బడ్జెట్ పుస్తకంలో 0039 కింద వచ్చే ఏటి అంచనా ఈ ఏటి వాస్తవం కన్నా ఎంత శాతం ఎక్కువ పెట్టారో చూసి, దాని పక్కనే వ్యసన విముక్తి కేంద్రాలకు కేటాయించిన మొత్తం రాసుకోండి.